సాయవ్వ ఒడి

...రా అక్కా, గా చాప మీద కూసో. ఏం దాటిపోలే, సాయవ్వ గొర్లదొడ్డిల కొంగు పరుసుకొని కూసున్నకాడనే ఉన్నం. సాయవ్వ మా బీరన్న పెండ్లాం, నాకు వదినె వరుస. మీకు తెలువాలె గదా అని పేరు వెట్టి చెప్తున్న, ఏమనుకోకుండ్రి. కొంగు ఎందుకు పరిసిందంటె, మా కురుమోళ్ళల్ల గొర్లు మేపుడు మొగోళ్ళ పని, ఈనేటప్పుడు చెయ్యి వెట్టుడు ఆడోళ్ళ పని. మొగోడు ముట్టడు, దొడ్డి బయట బీడి తాగుకుంట కూసుంటడు, తనదే పెద్ద కష్టమన్నట్టు. మల్ల ఇంకోటుంది. పిల్లలు కాని ఆడిది గొర్రె ఈనేటప్పుడు పిల్లనూ, దానెంబడి వడే మాయనూ ఉత్త చేతులతోని ఒడిల వట్టుకుంటె ఆమె ఒడి గూడ నిండుతదంటరు. మా పెద్దమ్మ ఎల్లవ్వ, బీరన్న తల్లి, కోడలికి గట్లనే చెప్పిందంట. సాయవ్వ విన్నది. వినక ఏం జేస్తది, పెండ్లయి ఏండ్లాయె, పక్కింటి పోరగాండ్లకు తానాలు వోసి, జడలేసి పంపి, ఒక్కతే ఇంటికొచ్చేదాయె.

ఏమైందంటే, ఆ యేడు గొర్లు ఈసుకపోవుడు మొదలువెట్టినయి. ఈసుకపోవుడంటె నెలలు నిండకముందే పిల్ల చచ్చి వడిపోవుడు. ఎవరి గొర్రె కిందవడ్డా సాయవ్వనే ఉరికిందంట. చచ్చిన పిల్లనైనా ఒడిల వట్టుకునుడే, మాయ చేతులతోని తీసుడే. చేతులకు గడ్డి కోసిన గాట్లు. ఇంత నీళ్ళతోని కడుక్కొని, మేకను పిండి పచ్చిపాలు నోట్ల వోసుకునుడు. కడుపైతె వచ్చింది అనుకో. ఎల్లవ్వ ఊరంత చెప్పుకున్నది, చూసిండ్రా, నేనన్నది గాలేదా అని. మల్ల పోయింది. ఇంకో మాటు వచ్చింది, అదీ పోయింది. పొద్దూకితె జరం, వొళ్ళంత చెమట, నడుములు వట్టుకపోయి లేవరాకపోవుడు. ఎల్లవ్వ ఏమన్నదంటే, ఒడిల వట్టుకున్నది తక్కువైంది, ఇంకా వట్టుకోవాలె అన్నదంట. నవ్వకుండ్రి. ఆమె మనసుల కుళ్ళు లేదు, ఆమెకూ మనుమడు గావాలె.

ఆఖరికి బీరన్న బండి మీద కూసోవెట్టుకొని దవాఖానకు తోల్కపోయిండు. ఆడ డాక్టరమ్మ ముందుగాల అడిగింది ఏందంటే, మీ గొర్లు ఈసుకపోతున్నయా అని. బీరన్నకు కోపమొచ్చింది, నా పెండ్లానికి బాగలేదంటె గొర్ల ముచ్చటేందమ్మా అన్నడంట. ఆమె నెత్తురు తీపిచ్చి చూసి మెల్లగ చెప్పింది, గొర్లకున్న రోగమే ఈమెకొచ్చింది, చచ్చిన పిల్లలతోని, మాయతోని, కాగవెట్టని పాలతోని వస్తది అని. గోలీలిస్త, ఒక్కటి గూడ ఇడవకుండ నెలన్నర మింగాలె, నేను చెప్పేదాక కడుపు వద్దు, ఇగ మాయ ముట్టుడైతె అసలే వద్దు, ముట్టేటోళ్ళు గ్లౌజులు తొడుక్కోవాలె అన్నది. ఒడిల వట్టుకున్నందుకేనా పోయినయి అని అడిగింది సాయవ్వ. అయ్యుండొచ్చు తల్లీ అన్నది డాక్టరమ్మ. వచ్చేటప్పుడు బండి మీద ఊరుదాక కొంగు దులుపుకుంటనే ఉన్నదంట, అండ్ల ఏం లేకున్నా.

ఈసుకపోయిన గొర్లను పశువుల డాక్టరు ఏరి పక్కకు పెట్టిపిచ్చిండు. మల్ల ఈనే కాలమొచ్చింది. అప్పటికి సాయవ్వ గోలీలు అయిపోయి, డాక్టరమ్మ సరే అన్నంక నిలిచిన కడుపు, ఐదో నెల. ఒక పగటీలి ఆమె సాదుకున్న నల్లగొర్రెకు నొప్పులు లేసినయి, పిల్ల కాలు అడ్డం తిరిగింది. గొర్రె సాయవ్వ మొకం చూసి ఒర్రుతుంది. ఎల్లవ్వ తనతోని గాక, నువ్వు రా బిడ్డా, నీ చెయ్యి వడితెనే వస్తది అని పిలుస్తుంది. సాయవ్వ తడిక వట్టుకొని నిలవడ్డది, కాలు లోపల వెట్టలే. ఇగ బీరన్న బీడి పారేసి గ్లౌజులు తొడుక్కున్నడు. బయటి మొగోళ్ళు, ఏం బీరా, మంత్రసానివైనవా అని ఇకిలించిండ్రు. కాలు లోపలికి నూకు, మెల్లగ, ఇప్పుడు పట్టు అని సాయవ్వ తడిక అవతలి నుంచి చెప్తుంటె, కండ్లు మూసుకొని గుంజిండనుకో. పిల్ల బతికే వచ్చింది. సంబరంల అన్నీ మర్సి, పచ్చిపిల్లను ఎత్తుకొని తడిక కాడికి ఉరికొచ్చిండు, వట్టుకో సాయీ, వట్టుకో అని. ఎల్లవ్వ గూడ, ఒడిల వేసుకో బిడ్డా అంటుంది. సాయవ్వ చేతులు వాటంతట అవే సాగినయంట, కొంగు గూడ పరిసింది. పిల్ల మీది ఆవిరి మొకానికి తాకేంత దగ్గరికొచ్చినంక, కొంగు ముడిసి నడుముల చెక్కుకున్నది.

బిడ్డా కొడుకా అని నన్నడుగకుండ్రి, ఆమెకు నెలలింకా నిండలే. ఆ పొద్దు మొగనితోని ఏమన్నదో అన్నది అన్నట్టే చెప్త, నాకు అంతే ఎరుక. "నాకొద్దు. దాని తల్లికియ్యి. నేనాగుత."