కేతేపల్లి కాడ ఆగిన కారు

జెడ్డాలో కార్ల షెడ్డులో పనిచేసి వచ్చి, కేతేపల్లిలో రోడ్డు పక్కన మెకానిక్ దుకాణం పెట్టుకున్నాడు బషీర్. ఎండాకాలంలో తను బాగుచేసిన ఒక కారు కథ వానాకాలమంతా మైసయ్య హోటల్లో చెబుతూనే ఉన్నాడు. చెప్పినప్పుడల్లా అది ఇంకాస్త పెరిగేది.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. బెంచీ చివర కొత్త మనిషెవరో కూర్చుని ఉండడంతో బషీర్‌కు హుషారొచ్చింది.

"సూర్యాపేట దిక్కుకెంచి వచ్చిన కారు, నా దుకాణం ముంగటనే ఆగింది. ఎనక సీట్ల ముసలమ్మ, ఊపిరి ఆడుతలేదు. హైదరాబాద్ దవాఖానకు తీస్కపోతున్నరు. డ్రైవర్ ఫ్యూజు ఏస్తడు, టప్పున పోతది. మళ్ల ఏస్తడు, మళ్ల పోతది. ఎందుకో తెలుసా?"

"చెప్పు, చెప్పకుంట ఉంటవా," అన్నాడు కాటమయ్య చాయ్ ఊదుకుంటూ.

"సైలెన్సర్ గొట్టానికి ముక్కు లెక్క ఒక సెన్సర్ ఉంటది. పొగల ఆక్సిజన్ ఎంతున్నదో చూసి ఇంజన్‌కు చెప్తది. అది జల్ది వేడెక్కాలని లోపల చిన్న హీటర్ పెడ్తరు. గా హీటర్ వైరు గొట్టానికి తాకి, కాలి షార్టయింది. దానికీ పెట్రోలు పంపుకూ ఒక్కటే ఫ్యూజు, ఇగ బండెట్ల కదుల్తది? కిందికి దూరిన, వైరు ఇప్పేసిన, మూతి టేపుతోని చుట్టిన, కొత్త ఫ్యూజేసిన. బుర్రుమన్నది!"

అంతవరకు నిజమే. ఆ పైన కథ బషీర్ చేతిలో ఉండేది కాదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నకిరేకల్ల పోలీసాయన సీటీ నోట్ల పెట్టుకునే లోపలనే కారు చిట్యాల దాటింది! గా గాలికి లోడు లారీలు రోడ్డు దిగి నిలవడ్డయి!"

"లోడు లారీలా?" అన్నాడు కాటమయ్య.

"సిమెంటు లోడు! గా గాలి తాకి ముసలమ్మకు ఊపిరి తెరుసుకున్నది. దవాఖాన కాడ తనే తలుపు తీస్కొని దిగింది. డాక్టర్ స్ట్రెచర్ తెస్తే, 'నువ్వే అలిసినట్టున్నవు కొడుకా' అని ఆయన్నే పండవెట్టి తోసుకపోయింది! ఇప్పుడు ఎద్దులను కొట్టంల కట్టేసి తనే నాగలి గుంజుతున్నదట!"

హోటలంతా నవ్వింది. కొత్త మనిషి నవ్వలేదు.

"ఆమె చౌటుప్పల్ దాటలే, భాయ్."

"నీకెట్ల తెలుసు?" అన్నాడు కాటమయ్య.

"ఆమె మా అమ్మ."

బషీర్ అప్పుడు ఆ గొంతు గుర్తుపట్టాడు. ఆ రోజు కారు కింద ఉండగా పైనుంచి "జర జల్ది అన్నా" అంటూ ఏడ్చిన గొంతు అదే. ఇన్నాళ్లూ ఆమె బతికిందనే నమ్మాడతను.

"మళ్ల ఆగిందా కారు?" అన్నాడు బషీర్.

"ఏడా ఆగలే. నువ్వు చేసిన పని గట్టిదే. ఆమెకే టైం లేకుండె." పేరు రామచంద్రం అని చెప్పాడతను. సూర్యాపేట పోతూ బస్సు దిగాడట. "ఆనాడు నీకొక్క మాట చెప్పకుంట పోతిమి, అందుకే వచ్చిన. బండి కదిలినంక అమ్మ కండ్లు తెరిచింది. 'పాపం గా పిలగాడు మండే తారు మీద పన్నడు, ఈపు కాలింది కావచ్చు' అన్నది. గంతే. ఇంకేం మాట్లాడలే."

మైసయ్య స్టవ్ తగ్గించాడు.

"అమ్మ పేరేంది?" అని అడిగాడు బషీర్.

"యాదలక్ష్మి."

ఆ రోజు వీపు నిజంగానే కాలింది. బొబ్బలకు కొబ్బరినూనె రాస్తూ భార్య వజీరా ఎంత తిట్టిందో. ఆ సంగతి ఎన్నడూ ఎవరికీ చెప్పుకోలేదు బషీర్.

బస్సు హారన్ వినబడి రామచంద్రం లేచాడు. బషీర్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"కాలలే తమ్మీ," అన్నాడు. "జర్రంత గూడ కాలలే."