మిషన్ల పచ్చలైటు

నవ్వకుండ్రి డాక్టర్ సారూ! జర ఆ తలుపు దగ్గరికెయ్యుండ్రి. మా ఆయన బయటనే కూసున్నడు. నేను చెప్పేది ఇన్నడంటే ఇంటికాడ నన్ను బతకనియ్యడు.

బీడీ మానేసిండు, ఇంక దవాఖానకు రానవసరం లేదంటిరట? ఎవర్నడిగి అన్నరు సారూ గట్ల?

ఏందీ, మిషన్ చెప్పిందా? గొట్టంల ఊదితే, ఒంట్ల బీడీ పొగ ఉంటే ఎర్రలైటు, లేకుంటే పచ్చలైటు. నాకు తెల్వదా? మొదటిసారి ఊదినప్పుడు పక్కనే ఉంటి. ఎర్రలైటు జూసి ఆయన మొఖం తెల్లబోయింది. నల్లబడ్డ కాలివేలు మీరు తీసేసిన దినమే గదా! బీడీ మానకుంటే కాలు గూడ పోతదని మొఖం మీదనే అంటిరి. కాలు పోతే జడ్చర్ల చౌరస్తాల సైకిళ్లకు పంచర్లు ఎవరేస్తరు? మేమేం తినాలె?

మిషన్ అబద్ధం చెప్తాందని నేనంటలేను. మీరెప్పుడు ఊదిపిచ్చిండ్రు? ఈ నెలంత, పొద్దుగూకే ముందు, అసర్ నమాజు ఐనంక. అవునా కాదా?

ఇది రంజాన్ నెల సారూ! ఆయన రోజా ఉన్నడు. తెల్లారకముందు సహరీ తిన్నకాడికెల్లి పొద్దుగూకేదాక గుక్కెడు నీళ్లు గూడ తాగడు. బీడీ యాడ తాగుతడు? పచ్చలైటు ఎలగక ఏమైతది?

ఇఫ్తార్‌కు ఖర్జూరం నోట్లేసుకుంటడో లేదో, ఇంటెనక గోడకాడికి పోతడు. ఇగ సహరీ దాక ఒకదాని మీదొకటి.

మీకు అబద్ధమాడలే. మీరడగలే, ఆయన చెప్పలే. పచ్చలైటు జూసి తనే మురిసిపోయిండు. ‘చూసినవా లాల్ బీ, నా ఒళ్లు సాఫైంది’ అన్నడు. రాత్రి తాగితే ఏం కాదనుకుంటాండు, పిచ్చోడు.

రేపో ఎల్లుండో నెలవంక కనవడతది. పండుగైనంక రోజా ఉండదు, పగలు గూడ షురూ జేస్తడు. మీరేమో రావద్దంటిరి!

ఒక్క పని జేయుండ్రి. రేపు పొద్దుగాల పిలిచి ఊదిపియ్యుండ్రి. రాత్రి తాగిన పొగ ఇంక ఒంట్లనే ఉంటది, ఎర్రదే ఎలుగుతది. నేను చెప్పిన అని మాత్రం అనకుండ్రి, మీకు దండం పెడ్త.

ఏందట్ల జూస్తరు? పొద్దంత ఆపేటోడు మానలేడా అంటరా?

అదే గద నా కడుపుమంట! అల్లాకు భయపడి పొద్దంత ముట్టడు. నేను కాళ్ల మీద పడి ఏడ్చిన, ఒక్క ఘడియ ఆగలే. దేవునికి భయపడతడు, మీ మిషన్‌కు భయపడతడు. పెండ్లాన్ని, నాకెందుకు భయపడతడు సారూ!