పేరమ్మ కట్టిన చాటు

అంకాలు అని ఒక పిల్ల, పేరమ్మ కోడలు. కాపురానికి వచ్చి ఏడాది తిరగలేదు, అప్పుడే మిరపకాయ కోతల ముఠాలో దిగింది. చురుకైంది. రెండు చేతులతో కోసుద్ది. సాలు పట్టిందంటే ఆ కొసకు పోయిందాకా నడుం ఎత్తదు. పేరమ్మ కూడా అదే ముఠాలో కోసేది. కోడలంటే ఆమెకి ప్రాణమే, నోట్లోంచి మాత్రం తిట్టు తప్ప ఇంకోటి వచ్చేది కాదనుకో. "ఒసే అంకాలూ, ఆ కుచ్చిళ్లు నేల ఊడుస్తన్నయ్యే, పంచాయతీవాళ్లు నీకేమన్నా జీతమిస్తన్నారా" అనేది. అంకాలు ఊరుకునే రకమా? "ఇస్తే నీ చేతికే ఇస్తాలే అత్తా, చీపురు కొనుక్కో" అనేది. ఇట్టా ఇద్దరూ వాదించుకుంటానే చేలో దిగేవాళ్లు, వాదించుకుంటానే ట్రాక్టరెక్కేవాళ్లు.

ఆ ముఠాకి మేస్త్రి గురవమ్మ. మంచిదే, పని కాడ మాత్రం గట్టిది. "మా ముఠా చేలో దిగితే మళ్లీ ట్రాక్టరెక్కిందాకా నీళ్లు ముట్టుకోదు" అని ఆసాములందరికీ గొప్పగా చెప్పుకునేది. ఎందుకు ముట్టుకోరంటే, నవ్వబాకండి, చెప్తా. మిరప చేను ఎట్టుండిద్దో మీరు చూశారుగా. చెట్టు మోకాలి మీదికి రాదు. గట్ల మీద కంప కూడా కొట్టేశారు. ఉన్నది ఒకటే వేపచెట్టు, దాని కింద ట్రాక్టరు, బస్తాలెత్తే మగాళ్లు. ఆడది ఒంటికి పోవాలంటే యాడికి పోవాలి? అందుకని నీళ్లు తాగరు. తాగితే లేవాలి, లేస్తే చాటు లేదు. పొద్దున ఇంటికాడ కూడా నోరు తడుపుకుని ఊసేసి వచ్చేవాళ్లంట! క్యాన్ల నిండా నీళ్లు ట్రాక్టరులో వచ్చేవి, సాయంత్రం ఆ క్యాన్లు నిండుగానే ఇంటికి పోయేవి. మరి వడదెబ్బ కొడితేనో అంటే, దానికి ఉల్లిపాయ. తలా ఒక ఉల్లిపాయ రొంటిన దోపుకునేవాళ్లు. ఉల్లిపాయ ఉంటే ఎండ ఏమీ చెయ్యదని నమ్మకం. కోత అయిపోయాక ఇంటికి పోయి దాన్నే కూరలో వేసేవాళ్లనుకో.

ఆ యేడు ఏమైందంటే, ఎండలు ముందే వచ్చినయి. ఉగాది పోయిందో లేదో నిప్పులు కురుస్తన్నయి. ఆఖరు కోత, కాయ చెట్టుమీదే ఎండి గలగలమంటాంది. గాలి లేదు, ఉన్న గాలి పొయ్యి ఊదినట్టు మొకాన కొడతాంది. అట్టాంటి రోజు ఎవరైనా పొద్దెక్కక ముందే కోసుకుని నీడకు రావాలా వద్దా? రాలేదు. ఇంకో నాలుగు సాళ్లేగా, ఇంకో రెండు సాళ్లేగా అని గురవమ్మ, సరేలే అని వీళ్లు. అంకాలు పొద్దున్నుంచీ తల పోటంటానే ఉంది. పక్క సాలులో పిల్ల, "కాసేపు కూచో అక్కా" అంటే, "కూచుంటే మా అత్త ఊరంతా చెప్పుద్ది" అందంట. ఆ మాట ఎగతాళికి అన్నదే. పేరమ్మేమో చేనుకి ఆ చివర, ముసలోళ్లకిచ్చే పొట్టి సాళ్లల్లో ఉంది, ఆమెకేం తెలుసు. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి అంకాలు లేచి నిలబడింది. నిలబడి తూలింది. తూలి, నెత్తిన ఉన్న గుడ్డ లాగి పారేసి, గొంతెత్తి ఏదేదో మాట్లాడతాంది. "నా సాలు యాడ, నా సాలెవరు తీసుకున్నారు, అందరూ పోండి" అని అరుపులు. కళ్లు ఎర్రగా ఉన్నయి, చూపు ఎటో ఉంది.

గురవమ్మ చూసింది, చూసి చేతిలో కాయ కింద పడేసి చెంపలేసుకుంది. "అమ్మోరు, అమ్మోరు పూనిందే!" అంది. మరి పేరేమో అంకాలు. ఆ తల్లి పేరు పెట్టుకున్నదాని మీదికి రాకపోతే ఇంకెవరి మీదికి వచ్చిద్ది? ముఠా అంతా ఉరికొచ్చి చుట్టూ మూగారు. గాలి ఆడటానికి కూడా సందు లేదు. ఒకామె పసుపు తెచ్చింది, ఒకామె ట్రాక్టరులో దేవుడి పటం ముందుండే కర్పూరం తెచ్చి అంకాలు మొకం ముందే వెలిగించింది. పైన ఎండ చాలలేదన్నట్టు కింద కర్పూరం! అంకాలు మొగుడు ఏడుకొండలు, ట్రాక్టరు తోలేది అతనే, పరిగెత్తుకొచ్చి ఏం చేశాడనుకున్నారు? పెళ్లాం కాళ్ల మీద పడ్డాడు. "తల్లీ, తప్పులుంటే కాయి" అని దండాలు. పొద్దున కూరలో ఉప్పెక్కువైందని ఆ పిల్లనే కసిరాడంట, ఆ భయం. గురవమ్మేమో, "తల్లీ, వానలు ఎప్పుడు పడతయి? మా చిన్నదానికి సంబంధం కుదురుద్దా?" అని వరసన అడగతాంది. అంకాలు తూలి తూలి సాళ్ల మధ్య కూలబడింది. ఎవరో లేపి నీడకు తీసుకుపోదామంటే గురవమ్మ కయ్యిమంది. "పూనిన చోటునుంచి అమ్మోర్ని కదపకూడదు, కళ్లు పోతయి!" ఇంకెవరు కదిలిస్తారు? నడినెత్తిన ఎండ, కింద కాలే నేల, మధ్యలో ఆ పిల్ల.

అప్పటికి ఆ చివర్నుంచి పేరమ్మ వచ్చింది. "ఏందే గోల, పనెగ్గొట్టి" అని తిడతానే వచ్చింది. జనాన్ని తోసుకుని లోపలికొచ్చి కోడలి మెడ మీద చెయ్యేసింది. వేసిన చెయ్యి అట్టాగే ఉండిపోయింది. ఎందుకంటే, పూనకం వచ్చినోళ్లు చెమటతో తడిసి ముద్దయిపోతారు, మనం జాతరలో చూశాం కదా. ఈ పిల్ల ఒంటిమీద చుక్క చెమట లేదు. ఒళ్లు పెనంలాగా కాలతాంది, ఎండు పెనం. పేరమ్మకి ఆ ఒళ్లు తెలుసు. ఆమె మొగుడు కల్లంలో కాయ తిరగబోస్తా ఇట్టాగే, ఇట్టాంటి ఒంటితోనే, పిచ్చి మాటలు మాట్లాడతా పోయాడు. అప్పుడు కూడా గాలి సోకిందని తాయెత్తు కోసం పోయారు. తాయెత్తు వచ్చేసరికి మనిషి లేడు.

ఇప్పుడు పేరమ్మ ఏం చెయ్యాలి చెప్పండి. ఇది అమ్మోరు కాదు, వడదెబ్బ అంటే వింటారా? మేస్త్రి దండం పెడతాంది, మొగుడు కాళ్ల మీద ఉన్నాడు. వాదిస్తా కూచుంటే పిల్ల పోయిద్ది. అంకాలుతో రోజూ వాదించే మనిషి, ఆ రోజు వాదం పెట్టుకోలా. రెండు చేతులూ ఎత్తి కోడలికి దండం పెట్టింది. పెట్టి, వెనక్కి తిరిగి, "ఒసే గురవమ్మా, నీకసలు బుద్ధుందా? అమ్మోరు వేడి మీద వస్తే నీళ్లు వార పొయ్యాలా, ఎండన కూచోబెట్టి సంబంధాలు అడగాలా? మన ఊరి గుళ్లో బిందెలు బిందెలు పోసి సల్లబరచమా తల్లిని? వేప మండలు యాడ? వేపచెట్టు కిందికి తియ్యండి, తల్లికి వేప నీడంటేనే ఇష్టం!" అంది. కదిపితే కళ్లు పోతయ్యొదినా అని గురవమ్మ. "పోతే నావే పోతయిలే, సగం ఎటూ పోయినయి. పట్టు కాళ్లు!" అంది పేరమ్మ.

అంతే. అమ్మోరి సేవ అంటే మనోళ్లకి చెప్పాలా? ఏడుకొండలు భుజాన వేసుకుని వేపచెట్టు కిందికి ఉరికాడు. నీళ్లు యాడివంటారా, క్యాన్లు నిండుగా ఉన్నయిగా! ఎవ్వరూ తాగలేదు కాబట్టి చుక్క కూడా తగ్గలా. చూడండి ఆ తమాషా. మగాళ్లని అవతలికి తోలేసి, చీరలడ్డం పట్టి, రవికె ముడి వదులు చేసి, నెత్తిన, మెడ మీద, చంకల్లో పోసిందే పోసింది పేరమ్మ. చీరంతా తడిపింది. వేప మండలు విరిపించి నలుగురి చేతికిచ్చి, "విసరండి, తల్లికి విసరండి" అని ఒకటే అరుపు. వాళ్లు విసిరారు, భక్తిగా విసిరారు! గురవమ్మ చెంబుతో నీళ్లు నోట్లో పొయ్యబోతే చెయ్యి మీద ఒకటేసింది. "తెలివి లేనిదానికి నోట్లో పోస్తే పొలమారి చచ్చిద్ది. తెలివి రానీ." కోడలి రొంటిన ఉన్న ఉల్లిపాయ తీసి చేలోకి విసిరేసింది. పోస్తా, విసిరిస్తా, మధ్యలో పైకి చూసి అమ్మోరితో కూడా గొడవ. "ఏం తల్లీ, రావాలంటే నా మీదికి రా, నా బతుకు అయిపోయింది. దీని మీదికి రాబాక, దీనికి ఇంకా చాలా బతుకుంది" అని.

చానాసేపటికి అంకాలు కళ్లు తెరిచింది. పేరమ్మ మొకం దగ్గరకు పెట్టి, "అమ్మాయ్, నేనెవర్నో చెప్పు" అంది. అందరూ ముందుకు వంగారు, అమ్మోరు ఏం పలుకుద్దో అని. అంకాలు ఆమె వంక చూసి, చూసి, "కోడి కూయకముందే లేపి చంపే మా అత్తవి" అంది. పేరమ్మ నేల మీద చతికిలబడి, "ఇది నా కోడలే, తిడతాంది, నా కోడలే" అని నవ్వు, ఏడుపు. అప్పుడు ఉప్పేసిన మజ్జిగ గుక్క గుక్కగా తాగించారు. తెలివొచ్చిందిలే అని అక్కడితో వదల్లా. తడి చీర తోటే ట్రాక్టరులో పడుకోబెట్టి, దారి పొడుగునా తడుపుతా, విసురుతా ఆసుపత్రికి తోలుకుపోయారు. సెలైను ఎక్కించి రెండు రోజులు ఉంచుకున్నారు. ఇంకాస్త ఆలస్యమైతే చేతిలో ఉండేది కాదని డాక్టరమ్మ అన్నదంట.

ఆసుపత్రిలో మంచం పక్కన కూచుని పేరమ్మ అడిగింది, "తల పోటెత్తినప్పుడన్నా గుక్కెడు నీళ్లు తాగలేదేందే, అన్ని క్యాన్లుంటే?" అని. అంకాలు నవ్వింది. "తాగితే పోవాలిగా అత్తా. పోను చాటేది? నువ్వెట్టా పోయేదానివి ఇన్నేళ్లు?" అంది. పేరమ్మ యాడికి పోయింది? ఆమె కూడా పోయేది కాదు. ఆమె అత్తా పోయేది కాదు. అట్టా ఎండిపోతానే అందరూ ముసలోళ్లయ్యారు, అయినవాళ్లు.

మళ్లీ యేడు కోతకు ముఠా చేలో దిగేసరికి, పేరమ్మ నాలుగు వాసాలు, రెండు పాత చీరలు నెత్తిన పెట్టుకొచ్చింది. వేపచెట్టుకి దూరంగా, గట్టు మూల గుంటలు తవ్వి వాసాలు పాతి, చుట్టూ చీరలు కడతాంది. గురవమ్మ వచ్చి, "ఇదేందొదినా, సాలు పట్టకుండా పందిరేస్తన్నావు, ఎవరికి పెళ్లి?" అంది. "చాటు. అమ్మోరు కట్టమంది" అంది పేరమ్మ తల ఎత్తకుండా. ఎప్పుడు చెప్పింది తల్లి, నేను అక్కడే ఉంటినిగా, నాకు వినపళ్లేదే అని గురవమ్మ అంటే, "నువ్వు సంబంధాలడిగే పనిలో ఉన్నావు, నీకెట్టా వినపడుద్ది? నీళ్లు తాగని చేలో నేను అడుగు పెట్టనంది. చాటు లేనిది నీళ్లెవరు తాగుతారంది. పొద్దు నెత్తికెక్కకముందే ఆడోళ్లని నీడకు తోలమంది, చల్లబడ్డాక మళ్లీ దిగమంది. తల పోటన్నదాన్ని కూచోబెట్టమంది. కాదంటావా, కాదను, కర్పూరం వెలిగించింది నువ్వే" అంది. గురవమ్మ ఏమంటుంది? నలుగురి ముందు దండాలు పెట్టిన మనిషి, ఇప్పుడు అది అమ్మోరు కాదని ఎట్టా అనుద్ది! "ఆ మూల చీర వదులుగా ఉంది, గాలికి లేచిద్ది" అని తనే పట్టుకుని ముడేసింది. ఆ చాట్లోకి మొదట పోయింది కూడా గురవమ్మే, అది వేరే సంగతి.

అప్పట్నుంచి మా ఊరి ముఠాలు యాడికి పోయినా ట్రాక్టరులో నాలుగు వాసాలు, రెండు చీరలు ఉంటయి. ముందు చాటు, తర్వాతే సాలు. పేరమ్మ పోయి చానాళ్లయింది. ఆఖరు కోత నాడు వేపచెట్టు మొదట్లో ఆమె పేరు చెప్పి చెంబుడు నీళ్లు పోస్తారు, తర్వాత అందరూ తలా చెంబుడు తాగుతారు. అంకాలు ఇప్పుడు మేస్త్రి. కొత్త పిల్ల ఎవరొచ్చినా ఉల్లిపాయ ఉందా అని అడగదు, పొద్దున్నుంచీ ఒంటికి పోయావా అని అడుగుద్ది. పిల్లలు సిగ్గుపడి చస్తారనుకో. సిగ్గుతో ఎవరూ చావరులే, దాహంతో చస్తారు గానీ అనుద్ది.

ఇంతకీ అమ్మోరు నిజంగా చెప్పిందా అని మీరడుగుతారు. నాకేం తెలుసు? చెప్పింది పేరమ్మ. బతికింది అంకాలు. ఎవరికి దండం పెట్టాలో తెలియక నేను ఇద్దరికీ పెడతా. ఇంక చాలు, ఎండెక్కుతాంది. ఇదిగో, నీకిచ్చిన చెంబు నిండుగా అట్టాగే ఉందేంది? కథ వినటానికి మా ఇంటికొచ్చి ఎండు నోటితో పోతావా? తాగు, మొహమాటపడబాక. చాటు అదిగో, గోడ పక్కన.