గోడకు తగిలినవి రెండు

పోయిన వారం కాల్పులు జరిగిన బడి వరండాలో, గోడకు పడ్డ చిల్లుల్ని లప్పంతో పూడుస్తున్నాడు మేస్త్రి. హెడ్మిస్ట్రెస్ వచ్చి వెనక నిలబడింది.

"ఇంకెంతసేపు మేస్త్రీ?"

"ఈ పూటతో సరి. రెండే కదమ్మా. నాలుగేళ్ల కిందటి కాల్పులప్పుడు నాకిక్కడ వారం పట్టింది."

"అప్పుడు నలభై మూడు."

"ఏకబిగిన పేలే ఆ తుపాకుల్ని నిషేధించారు కాబట్టి బతికిపోయాం. ఆ చట్టంతో ఒరిగిందేమిటని మా బావమరిది ఒకటే వాదన. ఈ గోడ చూపిస్తే నోరెత్తడు."

"చూపించు. ఆ చట్టం కోసం ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించినదాన్ని నేను."

"మరింకేం! మీ మాటే నెగ్గిందమ్మా."

"నెగ్గింది. కానీ వాడు మూడుసార్లు పేల్చాడు మేస్త్రీ. మూడోది గోడదాకా రాలేదు."