ఇంతవరకూ మునగలేదని రాసిన కాయితం

ఈ కథ నాకు మొట్టమొదట చెప్పింది ఎండుచేపలమ్మే నాగరత్నం. సగం తప్పు చెప్పింది. ఆ తప్పు సగమే ఇప్పుడు ఊరంతా తిరుగుతోంది గనక రెండో సగం నేను చెప్తాను, ఊఁ కొడతా వినండి. నాగరత్నానికి ఒక తమ్ముడున్నాడు, సంగాడి లోవరాజని, పడవలు కట్టే వడ్రంగి. తొమ్మిదేళ్ళు నా దగ్గర పని నేర్చేడు. నా దగ్గరంటే ఈ పెమ్మాడి భైరవస్వామి దగ్గర, ఈ రేవులోనే, ఇదిగో మీరు కూచున్న ఈ దుంగ పక్కనే. ఈ మాట గుర్తెట్టుకోండి, దీంతో పనుంది. మంచు పడే దేశం ఏదో ఉంది, దాని పేరు నా నోటికి తిరగదు, అక్కడ పడవల కార్ఖానాలో కుదిరేడు. పెళ్ళాం మాలచ్చిమినీ కూతుర్నీ కూడా తీసుకెళ్ళేడు. ఐదేళ్ళయ్యింది. ఏమైందంటే, ఇంక అక్కడే శాశ్వతంగా ఉండిపోవాలంటే ఒక కార్డు కావాలంట. పనొచ్చినోడికైతే ఇస్తారంట. ఓస్ అంతేనా, బాడిస చేతికిచ్చి ఒక చెక్క చెక్కమంటే తేలిపోద్ది గదా అనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. మనం చదువుకోలేదు గదా, మనకలాటి తెలివితక్కువ ఆలోచన్లే వస్తాయి. చదువుకున్నోళ్ళు చెక్క అడగరు. కాయితం అడుగుతారు.

మొదటేమో, నువ్వు పుట్టినట్టు కాయితం తే అన్నారంట. ఆడు పుట్టిన వారమే తుపానొచ్చి పంచాయితీ పుస్తకాలన్నీ ఉప్పుటేట్లో కలిసిపోయేయి. పుస్తకమే లేదు బాబో అన్నాడంట. అలాగా, అయితే లేదని ఒక కాయితం తే అన్నారంట. చూసేరా, లేనిదానిక్కూడా కాయితం! పాపం నాగరత్నం చేపల బుట్ట దింపేసి, పంచాయితీ చుట్టూ పద్దెనిమిది రోజులు తిరిగి, లేదన్న కాయితం ఉందనిపించి పంపింది. తరవాత, నువ్వు దొంగవి కాదని పోలీసోళ్ళ కాయితం తే అన్నారంట. అదీ పంపింది. తరవాత, ఈవిడ నీ పెళ్ళామేనని ఏంటి నమ్మకం అన్నారంట. పన్నెండేళ్ళ పిల్ల పక్కన నిలబడుంది అనుకో, అయినా అడిగేరంట. పెళ్ళి ఫొటో పంపితే, ఇందులో పంతులు గారి మొహమే కనపడుతోంది, పెళ్ళికొడుకు మొహం బాసికం ఎనకాలుంది, ఇంకోటి పంపు అన్నారంట. అదీ అయ్యింది. ఇంక అయిపోయిందిరా అనుకుంటే, అప్పుడొచ్చింది అసలుది. నువ్వు పని ఎక్కడ నేర్చేవు, ఎవరు నేర్పేరు, ఎన్నేళ్ళు, వారానికి ఎన్ని గంటలు, నీ పని ఎలాటిది, ఇదంతా నీ మేస్త్రి చేత రాయించి, సంతకం పెట్టించి, అరవై రోజుల్లో పంపు. పంపలేదా, పెళ్ళాం పిల్లతో సహా పెట్టె సర్దుకో.

మన రేవులో దీనికి ఒక పద్ధతుంది, మీకు తెలుసు. పని నేర్చినోడు తన చేత్తో మొత్తం పడవ కట్టేక, ముక్కు లోపలి పక్కన మేస్త్రి తన గుర్తు ఉలితో కొడతాడు. దాని కింద ఆడు తన గుర్తు కొట్టుకుంటాడు. అంతే, ఆడు మేస్త్రి అయిపోయినట్టే. నాది చేపతోక. లోవరాజు ఆ గుర్తుని ఫొటో తీయించి పంపేడంట. సంతకం లేదు, ఫోను నంబరు లేదు, చెల్లదన్నారంట. నిజమే మరి, చేపతోకకి ఫోను నంబరెక్కడిది!

అప్పుడు నాకు ఫోను చేసేడు. "మేస్త్రి గారూ, నా పని గురించి నాలుగు మంచి మాటలు రాయించండి" అన్నాడు. "మంచి మాటలా? తొమ్మిదేళ్ళలో నీతో ఒక్కటన్నా అన్నానంట్రా?" అన్నాను. "లేదండి." "మా మేస్త్రి నాతో అన్నాడా?" "లేదండి." "మేస్త్రి నోటితో పని బాగుందంటే ఆ చేత్తో కట్టిన తరవాతి పడవ నీళ్ళు తాగుద్ది. మర్చిపోయేవా?" "మర్చిపోలేదండి, కానీ ఈళ్ళకి తెలీదు గదండి" అని ఏడుపు గొంతు పెట్టేడు. సరేలేరా అని బళ్ళో పంతులమ్మ దగ్గరకెళ్ళేను. ఆవిడ రాసుకుపోతోంది, గొప్ప నైపుణ్యం, అపార అనుభవం, ఇలాటియ్యి. చదివించుకుని అన్నీ కొట్టించేసేను. నేను చెప్పిందే రాయమ్మా అన్నాను. ఏం చెప్పేను? 'లోవరాజు నా దగ్గర తొమ్మిదేళ్ళు నేర్చేడు. ఆడు కట్టిన పడవ ఒక్కటీ ఇంతవరకూ మునగలేదు. గంటల లెక్క మాకు లేదు, ఆటుపోట్లు చూసి పని చేస్తాం. ఆడు ఇంకా నేర్చుకోవాల.' ఇంతకంటే గొప్ప మాట నా అరవై ఏళ్ళ పనిలో ఎవడి గురించీ అనలేదు. కావాలంటే నా దగ్గర నేర్చిన మిగతా ఏడుగుర్నీ అడగండి, ఈర్ష్యతో చస్తారు. సంతకం కూడా కూడబలుక్కుని నేనే పెట్టేను, ఏలిముద్ర కాదు.

ఆ ఆఫీసు మారాజులు ఏమన్నారంటే, ఇంతవరకూ అంటే ఏంటి, ఇంక ముందు మునిగేలా ఉన్నాయా అన్నారంట. ఇంకా నేర్చుకోవాలంటే పని రానట్టే గదా అన్నారంట. ఒరే, నేర్చుకోవడం అయిపోయిందన్నోడు కట్టిన పడవ ఎవడన్నా ఎక్కుతాడా? మీరెక్కుతారా? ఇంకో ముప్పై రోజులు గడువిచ్చేరంట, దయతల్చి.

ఇదిగో, ఇక్కడ దూరేడు అడితి చలమయ్య. కలప అడితి గలాయన. ఇరవై రెండేళ్ళ కిందట నాకు పచ్చి మద్ది చెక్క ఎండిందని అంటగట్టిన పెద్దమనిషి. నేను మర్చిపోయేననుకుంటున్నాడు. నాగరత్నం భయపడిపోయి ఆయన దగ్గరకెళ్ళింది. ఆయనకి పేరచ్చేసిన కాయితాలున్నాయి, పైన ఓడ బొమ్మ, కింద గుండ్రటి ముద్ర. జన్మలో ఒక మేకు కొట్టినోడు కాదు. లోవరాజుకి తొమ్మిదేళ్ళు నేనే పని నేర్పేను, వారానికి నలభై గంటలు, ప్రపంచంలో ఇలాటి పనోడు లేడు అని రాసేడంట. ఆడు కట్టిన పడవ పేరు ఒకటి చెప్పమంటే చెప్పలేడు! ముందు పంపిన కాయితంలో మేస్త్రి పేరు వేరే ఉందే అని ఒక్కడూ అడగలేదు, మూడు వారాల్లో కార్డొచ్చేసింది. చూసేరా, తొమ్మిదేళ్ళు ఎండలో నిలబడి నేర్పినోడి మాట మునిగింది, ముద్ర తేలింది.

నాగరత్నం కాజాల పొట్లంతో వచ్చి, అంతా చలమయ్య గారి దయ మేస్త్రి గారూ అంది. ఆ కాజా నేను ముట్టలేదు. తరవాత తిన్నాననుకో, అది వేరే సంగతి. పోతూ పోతూ తన ఫోనులో ఒక బొమ్మ చూపించింది. అక్కడ ఆడు కడుతున్న పడవంట, ముక్కు లోపలి పక్క. పైన నా చేపతోక, కింద ఆడి గుర్తు. అక్కడ కట్టిన ప్రతి పడవకీ ఇలాగే కొడుతున్నాడంట, ఎవరూ అడక్కపోయినా. చాలాసేపు చూసేను. తోక ఎడం పక్క కొంచెం వంకర. చెప్పేను గదా, ఆడు ఇంకా నేర్చుకోవాల.

కథ అయిపోయింది గానీ నాకొక పనుంది మీతో. చలమయ్య ఆ ఉత్తరం నకలుకి అద్దం కట్టించి అడితిలో గల్లాపెట్టె మీద తగిలించుకున్నాడు, వచ్చినోడల్లా చదివి దండం పెడుతున్నాడు. మీలో చదువుకున్నోళ్ళెవరన్నా దాని కింద ఒక చీటీ అతికించండి. ఆ దేశం ఆఫీసుకి మాత్రం ఒక్క ముక్క రాయకండి, మళ్ళీ కాయితం అడుగుతారు, ఆడి కొంప మునుగుద్ది. గోడ మీద చాలు. లోవరాజుకి పని నేర్పింది పెమ్మాడి భైరవస్వామి అని రాయండి. ఆడు కట్టిన పడవ ఇంతవరకూ మునగలేదని రాయండి. అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాసేరంటే ఊరుకోను.