వడగళ్ళ గంట

ఏది ముందో ఏది వెనకో నాకు ఈమధ్య కలిసిపోతోంది. వాన గురించి రాయబోతే వైన్ కూజాలు ముందొస్తున్నాయి. వరుస తప్పితే సర్దుకోండి.

మా పెయ్రసాల్ కొండ మీది ఊరు. పాత రాతి ఇళ్ళూ కోటగోడా చూడటానికి వేసవిలో బస్సుల నిండా జనం వస్తారు. కొన్నేళ్ళ కిందట మేయర్ గంటగోపురానికి ఒక రాతిపలక పెట్టిస్తానన్నాడు. మా పడుచు రోజుల్లో వడగళ్ళ మబ్బును గంట కొట్టి తరిమి, ద్రాక్షతోటల్ని కాపాడినవాడి పేరు దాని మీద చెక్కాలట. మేయర్ ఊరికి కొత్త. ఆ రోజు చూసినవాళ్ళం ముగ్గురమే మిగిలాం: ఫిర్మిన్, నోయెలీ, నేను. పేరు తేల్చడానికి జినెట్ కాఫీ కొట్టు ముందు చేరాం. చుట్టూ బస్సు దిగినవాళ్ళు. నోయెలీ ఒళ్ళో చిక్కుడు గింజలు ఒలుచుకుంటోంది.

ఫిర్మిన్ గ్లాసు పక్కన పెట్టాడు.

“నేనేం గొప్పలు చెప్పుకోను మేయర్ గారూ. మబ్బు పడమటినుంచి వచ్చింది, నల్లగా, కడుపులో పచ్చగా. అందరూ మంచాల కింద దూరారు. నేను గోపురం ఎక్కి తాడు పట్టుకున్నాను, అంతే.”

“అంతేనా తాతా? పోయిన వారం వడగళ్ళు కోడిగుడ్లంత అన్నావు,” అంది జినెట్.

“గుడ్లు మొదట్లోనమ్మా! తర్వాత గుమ్మడికాయలు. ఒకటి పడి పాదిరీ గారి గాడిద మెడదాకా భూమిలో దిగబడితే చెవులు పట్టి లాగారు. నేను మాత్రం తాడు వదల్లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గంట ఊపుకి తాడే నన్ను లాగేసింది, కప్పు దాటి, మబ్బులోకి! ఏం చలి, ఏం చలి! మీసం పుటుక్కున విరిగి చేతికొచ్చింది. జేబులో వేసుకుని, దిగాక అతికించుకున్నాను.”

“దేంతో?”

“తేనెతో. నవ్వండి, నవ్వండి. ఇంతలో మెరుపు మీదికొచ్చింది. తోక దొరకబుచ్చుకుని, గిరగిరా తిప్పి, గంట నాలుకకు ముడేశాను. అది తన్నుకుంటుంటే గంట దానంతటదే మోగింది! ఆ మోతకు మబ్బు రెండుగా చీలింది. ఒక ముక్క స్పెయిన్ పారిపోయింది. రెండోదాన్ని గొర్రెను తోలినట్టు సముద్రం దాకా తోలేసి, రాత్రికి ఇంటికొచ్చి సూప్ తాగాను. ఇంకా వేడిగానే ఉంది!”

బస్సు జనం చప్పట్లు కొట్టారు. మేయర్ కూడా నవ్వుతూ, “సరే, కోతలు తీసేసినా గంట కొట్టింది మీరేగా. పలక మీద మీ పేరే చెక్కిద్దాం,” అన్నాడు.

నోయెలీ తలెత్తలేదు.

“గంట కొట్టినవాడికి ఇంటికో కూజా కొత్త వైన్ ఇవ్వడం మన వాడుక కదా, ఫిర్మిన్. ఆ ఏడు కూజాలు ఎవరి గడప ముందు పెట్టారు?”

ఫిర్మిన్ గ్లాసు కేసి చూశాడు. “చాలాకాలమైంది, నోయెలీ...”

“నా గడప ముందు. వరసగా. తాగడానికి మనిషి లేడు. మెరుపు తాడు వెంట దిగింది. మా ఆయన పిడికిళ్ళు ఎవరూ విప్పలేక తాడు కోసి కిందికి దించారు. ఆ ముక్క చేతుల్లో ఉండగానే పూడ్చాం. నువ్వూ తెచ్చావు కూజా. గడప దగ్గర టోపీ తీసి నిలబడ్డావు.”

నోయెలీ ఇంకో చిక్కుడుకాయ ఒలిచింది.

“ఆయన కోసం ఉంచిన సూప్ చల్లారిపోయింది, ఫిర్మిన్. మర్నాడు పొద్దున పందికి పోశాను.”

ఫిర్మిన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. మేయర్ గొంతు తగ్గించి పేరు అడిగాడు. నోయెలీ చెప్పింది.

ఇప్పుడు ఫిర్మిన్, నోయెలీ ఇద్దరూ లేరు. పలక చూసొద్దామంటే, కొండ కింద ఉంటున్న నాకు పైకి ఎక్కే ఓపిక లేదు. ఓదీల్, నా చెల్లెలి కూతురివి, ఈసారి వచ్చినప్పుడు పైకెళ్ళి పలక మీది పేరు సరిచూడు. నోయెలీ భర్త సిల్వాన్ బుస్కే అనే నా గుర్తు. కానీ కళ్ళు మూసుకుంటే తాడు పట్టుకుని ఫిర్మినే కనబడుతున్నాడు. పైన సిల్వాన్ పేరు చోట కూడా ముందు అతని పేరే రాసి, కొట్టేశాను.