థార్న్‌బీ గుట్ట మీది పువ్వు

ఇన్నేళ్ళూ మొక్కల గురించి ఉత్తరాలు రాసుకోవడమే తప్ప ముఖాలు చూసుకోని ఇద్దరు, ఉత్తరాది పాదిరిగారూ లండన్ మందుల దుకాణదారూ, దుకాణం పెరట్లో బీరు తాగుతున్నారు.

"పోయిన వేసవిలో మీ వైపు వచ్చాను, పాదిరిగారూ."

"వచ్చి మా గడప తొక్కలేదేమయ్యా?"

"తీరిక ఎక్కడిదండీ! థార్న్‌బీ గుట్ట మీద పసుపు చెప్పులాంటి పువ్వుందని రాశారుగా. అది చూడ్డానికే సరిపోయింది."

పాదిరిగారి చేతిలో మగ్గు ఆగిపోయింది. ఆ గుట్ట మీద గొర్రెలు తప్ప ఏమీ లేవు. పువ్వు పూసేది వేరే లోయలో. చోటు తెలిస్తే లండన్ వాళ్ళు దుంపలతో సహా పెళ్ళగించుకుపోతారని ఆయనే తప్పు రాశారు.

"నీ కళ్ళతో చూశావా?"

"భలేవారే! మోకాళ్ళ మీద కూర్చుని మరీ చూశాను."

"ఒక్కటైనా ఎండబెట్టి తేలేదా?"

"తెచ్చానండీ, దారిలో వానకి కుళ్ళిపోయింది. నా మీద నమ్మకం లేదా ఏంటి?"

"అది కాదయ్యా. గుట్ట పొరబడ్డావేమోనని."

"మీరు అన్ని గుర్తులు రాశాక పొరబడతానా? నా పుస్తకంలోకి ఎక్కించేశాను. అచ్చు కూడా అయిపోయింది."

"ఏమని?"

"థార్న్‌బీ గుట్ట మీద స్వయంగా చూశాను, చోటు చెప్పింది అబద్ధమన్నది ఎరుగని దైవసేవకుడు, అని. మీ పేరు కూడా వేశాను."

పాదిరిగారు అతని ముఖంలోకి చూశారు.

"ఏంటండీ అలా చూస్తారు? అక్కడ లేదంటారా?"

"ఎందుకు లేదూ?" అన్నారు పాదిరిగారు, మగ్గు కింద పెట్టి. "ఇద్దరం చెబుతున్నాంగా."